భామాకలాపం వేదికెక్కించడం ఎలా? తొలిసారి చేసేవారికి సమగ్ర మార్గదర్శి

కూచిపూడి నేర్చుకుంటున్న పిల్లలు ఇప్పుడు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. రంగప్రవేశాలు జరుగుతున్నాయి, పళ్లెం మీద తరంగాలు ఆడుతున్నారు. కానీ పాత్రలు తమ నోటితో తామే మాట్లాడి, తామే పాడి, తామే ఆడే పూర్తి నృత్యనాటకం చూసి ఎన్నాళ్లయిందో ఒకసారి గుర్తు చేసుకోండి. నాకైతే ఇది చాలా బాధ కలిగించే విషయం. ఎందుకంటే కూచిపూడి పుట్టిందే నాటకంగా. ఆంగికం (శరీర కదలిక), ఆహార్యం (వేషం), సాత్వికం (మనసులోని భావం) మిగతా నాట్యాల్లోనూ గొప్పగా ఉన్నాయి. వాచికాన్ని, అంటే మాటనూ పాటనూ, కూడా నర్తకి నోటికే అప్పగించడం కూచిపూడి భాగవతుల ప్రత్యేకత. ఈరోజు చాలామంది ముందే రికార్డు చేసిన పాటకు పెదవులు కదిపి సరిపెడుతున్నారు.

అందుకని ఈ మార్గదర్శిలో ఒక్క పట్టుదల మొదటి నుంచి చివరి దాకా కనిపిస్తుంది: మాట, పాట వేదిక మీదే పుట్టాలి. ఇద్దరు ముగ్గురు శిక్షణ పొందిన నర్తకులు, ఒక గురువు, నలుగురు వాద్యకారులు, నాలుగు నెలల సమయం ఉంటే గంటన్నర భామాకలాపం వేయవచ్చు.

భామాకలాపమే ఎందుకు?

కూచిపూడి భాగవతుల దగ్గర ప్రధానంగా రెండు రకాల ప్రదర్శనలు ఉన్నాయి: యక్షగానాలు, కలాపాలు. ఉషాపరిణయం, ప్రహ్లాద చరిత్ర లాంటి యక్షగానాల్లో పాత్రలు ఎక్కువ. అంతమందిని ఒకచోట చేర్చి, వేషాలు కుట్టించి, రిహార్సల్స్ నడపడం కొత్త బృందానికి తలకు మించిన పని. కలాపంలో రెండు మూడు పాత్రలే కథంతా మోస్తాయి. గొల్లకలాపం కూడా కలాపమే, కానీ అందులో గొల్లభామకూ బ్రాహ్మణుడికీ మధ్య నడిచే వేదాంత చర్చను ప్రేక్షకుడికి అందించాలంటే చాలా అనుభవం కావాలి. భామాకలాపంలో ఉన్నది సత్యభామ, కృష్ణుడు అనే భార్యాభర్తల అలక. అది అందరికీ తెలిసిన వ్యవహారమే.

దీన్ని సిద్ధేంద్ర యోగి రచించి కూచిపూడి బ్రాహ్మణ బాలురకు నేర్పాడని సంప్రదాయం. అక్కడి కుటుంబాల్లో పుట్టిన ప్రతి మగపిల్లవాడూ జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలన్న కట్టుబాటు తరతరాలుగా నడిచింది. మగవారికే పరిమితమైన ఈ విద్యను ఆడపిల్లలకు నేర్పిన తొలి గురువుల్లో వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రిగారు ముఖ్యులు. తరువాత వెంపటి చినసత్యంగారు నృత్యనాటకాన్ని ఆధునిక రంగస్థలానికి తగ్గట్టు మలిచి దేశదేశాలకూ తీసుకెళ్లారు. ఈ రెండు మలుపుల వల్లే మీ ఊళ్లో మీరు ఇది వేయగలుగుతున్నారు.

పాఠం సంపాదించి గంటన్నరకు కుదించడం

భామాకలాపానికి ఒకే ఒక్క ప్రతి అంటూ లేదు. ఒక్కో కుటుంబంలో, ఒక్కో గురువు దగ్గర పాఠాంతరాలు ఉంటాయి. ఏ గురువు దగ్గర నేర్చుకున్నారో ఆ పాఠమే పట్టుకోండి. ఒక దరువు (పాత్ర పాడుతూ ఆడే పాట) ఒకరి యూట్యూబ్ వీడియోలోంచి, ఇంకొకటి మరొకరి పుస్తకంలోంచి తెచ్చి అతికిస్తే భాష, నడక రెండూ కుదరవు. మీకు తెలిసిన గురువు ఎవరూ లేకపోతే కృష్ణా జిల్లా మొవ్వ మండలంలోని కూచిపూడికి వెళ్లండి. తెలుగు విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలోని సిద్ధేంద్ర యోగి కళాపీఠం అక్కడే ఉంది. సంప్రదాయ కుటుంబాల గురువులు కూడా అక్కడ దొరుకుతారు.

పూర్వం తెల్లవార్లూ ఆడిన కలాపాన్ని తగ్గించక తప్పదు. నేనైతే ఇలా పంచుతాను: పూర్వరంగానికి (కథకు ముందు జరిగే పూజ, ప్రార్థన) 10 నిమిషాలు, సత్యభామ ప్రవేశానికి 15, చెలికత్తె మాధవితో సంవాదానికి 20, విరహానికి 15, లేఖకు 10, కృష్ణుడి రాక, అలక, కలయికకు 15, మంగళానికి 5.

కత్తెర ఎక్కడ పెడతారన్నదే అసలు ప్రశ్న. చాలామంది మొదట వచనం తీసేస్తారు, జతులు (అడుగులకు పలికే తాళపు మాటలు) మాత్రం ఉంచుకుంటారు. దయచేసి దీనికి తలకిందులుగా చేయండి. ఒకే భావాన్ని తిప్పి చెప్పే కందార్థాలు (కంద పద్యంతో సాగే పాటలు) నాలుగుంటే రెండు తీసేయండి. ఒక దరువుకు మూడు చరణాలుంటే ఒకటి వదిలేయండి. దరువు చివర వరుసగా వచ్చే తీర్మానాల్లో (ముగింపు జతుల్లో) ఒకటి చాలు. సంవాదం జోలికి మాత్రం వెళ్లకండి. ఆ మాటల్లోనే సత్యభామ ఎలాంటి మనిషో తెలుస్తుంది.

పాత్రలకు మనుషుల్ని ఎంచుకోవడం

సత్యభామకు ముందు గొంతు వినండి, తరువాత నాట్యం చూడండి. అడుగులు నాలుగు నెలల్లో మెరుగుపడతాయి. ఉచ్చారణ, శ్రుతిజ్ఞానం అంత తొందరగా రావు. మీ బృందంలో అందరికంటే బాగా ఆడే అమ్మాయి గొంతు నిలవకపోతే, ఆమెకు కృష్ణుడి వేషం ఇవ్వండి.

సూత్రధారి పాత్ర ఇంకా కష్టం. నాందీ ప్రస్తావనలు చేసేది, తాళం పట్టేది, జతులు చెప్పేది, సత్యభామతో మాట్లాడేది అతనే. సత్యభామ దగ్గర చెలికత్తె మాధవి, కృష్ణుడి దగ్గర చెలికాడు మాధవుడు. ఈ రెండు పాత్రలూ సంప్రదాయంగా సూత్రధారే చేస్తాడు. చింతా కృష్ణమూర్తిగారి వెంకటరామ నాట్యమండలి అంత పేరు తెచ్చుకుందంటే, సత్యభామగా వేదాంతం సత్యనారాయణ శర్మగారు ఎంత కారణమో, సూత్రధారిగా కృష్ణమూర్తిగారూ అంతే కారణం. కొత్త బృందంలో ఈ బాధ్యత గురువే తీసుకోవడం మంచిది. వేషం కట్టి మాట్లాడుతూ తాళం కూడా పట్టడం కష్టమనిపిస్తే, నట్టువాంగానికి (తాళం వేస్తూ జతులు చెప్పడానికి) పక్కన ఇంకొకరిని కూర్చోబెట్టండి. మాధవి మాటలు మాత్రం వేదిక మధ్యనే జరగాలి.

మొదటి నెల: కాళ్లు కదపకండి

ఇది వినగానే నర్తకులకు కొంచెం టెన్షన్ వస్తుంది. మొదటి నెలంతా కూర్చునే సాధన. ముందు ప్రతి వాక్యానికీ పదవిభాగం చేసుకుని, ప్రతిపదార్థం రాసుకోవాలి. అర్థం తెలియని సమాసం నోట్లోంచి ఎంత గట్టిగా వచ్చినా ప్రేక్షకుడికి అందదు. తరువాత వచనాన్ని మామూలుగా ఇంట్లో మాట్లాడినట్టు చదవాలి. అక్కడ భావం కుదిరాకే భాగవతుల ధోరణిలోకి, ఆ సాగదీతలోకి రావాలి. మూడోది పద్యం. తాళం లేకుండా రాగంలో చదివేటప్పుడు యతి దగ్గర, పాదాంతం దగ్గర ఎక్కడ ఆగాలో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోవాలి.

ఉచ్చారణలో రాజీ వద్దు. ప్రవేశ దరువులో ‘భామనే’ అన్న మాటలో ఒత్తు పోతే ఆ దర్పమే పోతుంది. శ, ష, స తేడా, ల, ళ తేడా, ణ, న తేడా విడివిడిగా సాధన చేయించండి. అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో పెరుగుతున్న పిల్లలతో వేయిస్తుంటే ఇంగ్లీషు అక్షరాల్లో రాసిచ్చి బట్టీ పట్టించకండి. ఆ రాతలో ళ, ణ ఎక్కడున్నాయో కనిపించదు. ఒక నెల ముందు మొదలుపెట్టి తెలుగు అక్షరాలే నేర్పండి. ఆ కష్టం ఊరికే పోదు.

ఇంకొక విషయం. ధాటిగా తీర్మానం ఆడి వెంటనే మాట్లాడాలంటే ఊపిరి అందదు. దీనికి సంప్రదాయంలోనే ఉపాయం ఉంది. తీర్మానం ముగియగానే సూత్రధారి మాట అందుకుంటాడు. ‘ఆహా, ఏమి నడక తల్లీ!’ అని ఒకటి రెండు వాక్యాలు అంటాడు. ఆ కాసేపట్లో సత్యభామ గుండె నెమ్మదిస్తుంది. ఆ వాక్యాలు ఎక్కడ రావాలో ప్రతిలో ముందే రాసి పెట్టుకోండి.

శ్రుతి, వాద్యాలు

వయొలిన్, వేణువు, మృదంగం, తాళం, శ్రుతి పెట్టె. ఇవి చాలు. పాత్రలు తామే పాడతారు కాబట్టి గాయకుడు అక్కరలేదని అనుకోకండి. పక్కన ఒక గాత్రం ఉండి తీరాలి. పాత్ర దరువు ఎత్తుకుంటుంది, పక్కగాత్రం అందుకుని కొనసాగిస్తుంది, ఆట ఉధృతంగా ఉన్నచోట పూర్తిగా తీసుకుంటుంది. పల్లవి మొదటి ఎత్తుగడ, పద్యం, వచనం మాత్రం పాత్రవే.

సత్యభామ వేసే అమ్మాయి అయిదు శ్రుతిలో పాడుతూ, సూత్రధారి మగవాడై ఒకటి శ్రుతిలో పాడుతుంటే చిక్కు వస్తుంది. ఇద్దరినీ మధ్యలో ఏదో ఒక శ్రుతికి ఒప్పిస్తే ఇద్దరి గొంతులూ పాడవుతాయి. సూత్రధారి పాడేవి పూర్వరంగంలోకి చేర్చి, అక్కడి నుంచి శ్రుతి మార్చేయండి. సంవాదంలో అతను వచనమే మాట్లాడితే శ్రుతి గొడవ చాలావరకు ఉండదు. కృష్ణుడి పాత్ర మగవాడు వేస్తుంటే మళ్లీ ఒకసారి మార్పు తప్పదు. మృదంగ విద్వాంసుణ్ణి రెండు శ్రుతులకూ రెండు మృదంగాలు తెచ్చుకోమని ముందే చెప్పండి. ప్రదర్శన మధ్యలో మృదంగాన్ని కొత్త శ్రుతికి చేర్చుకుంటూ కూర్చుంటే సభ చేజారిపోతుంది.

ప్రవేశ దరువు: ఇక్కడ ఎక్కువ సమయం పెట్టండి

కలాపానికి ఇదే ఆయువుపట్టు. నాలుగు నెలల రిహార్సల్స్‌లో నాలుగో వంతు దీనికే పోయినా నష్టం లేదు.

ఇద్దరు మనుషులు తెర పట్టుకుని నిలబడతారు. పెద్ద కర్టెన్ కాదు, చేత్తో పట్టుకునే తెర. దాని పై అంచు సత్యభామ భుజాల కంటే కొంచెం ఎత్తులో ఉండాలి, కింద పాదాలు కనిపించాలి. ముందు తెర వెనక గజ్జెల చప్పుడు మాత్రమే వినిపిస్తుంది. ఆ తరువాత తెర మీదుగా జడ బయటికి వచ్చి పడుతుంది. ఇది ఊరికే అందం కోసం పెట్టింది కాదు. నాట్యంలో, వాదంలో నన్ను గెలిచేవారుంటే రండి, ఓడితే ఈ జడ కోసి ఇస్తానని భాగవతుల మేళం సభకు విసిరిన సవాలుగా దీన్ని చెప్పుకుంటారు. జడ పడ్డాక తొందరపడకండి. కనీసం ఒక ఆవర్తం (తాళం ఒక చుట్టు) పాటు ఏమీ జరగకూడదు. సభ మొత్తం ఆ జడనే చూడాలి.

తరువాత సత్యభామ వీపు సభ వైపు ఉంచి, తెర వెనకే నడుము, భుజం, మెడ ఒక్కొక్కటిగా పలికిస్తుంది. ఒక పాదం తెర కింద నుంచి ముందుకు వస్తుంది. వేళ్లు తెర అంచు పట్టుకుంటాయి. కళ్లు మాత్రమే పైకి వచ్చి, సభను ఒక పక్క నుంచి ఇంకో పక్కకు చూసి, మళ్లీ దిగిపోతాయి. ఆ తరువాతే తెర తొలగాలి. పూర్తి రూపం కనబడిన క్షణంలోనే ‘భామనే సత్యభామనే’ అని ఆమె గొంతు వినిపించాలి. ఇక్కడ రికార్డింగ్ పెట్టారంటే ఇప్పటిదాకా కట్టిన గోడంతా కూలిపోతుంది.

తెర పట్టేవాళ్లను చివరి రోజున దొరికినవాళ్లతో సరిపెట్టకండి. వాళ్లకూ తాళం తెలియాలి, మూడు నెలలు రిహార్సల్‌కు రావాలి. ఒకరు అరక్షణం ముందు వదిలితే తెర వంకరగా జారుతుంది, ప్రవేశం చెడుతుంది.

పూర్వం కరెంటు దీపాలు లేని రోజుల్లో పాత్ర ప్రవేశించే వేళకు దివిటీల మీద గుగ్గిలం పొడి చల్లేవారు. భగ్గుమన్న ఆ వెలుగులో వేషం మెరిసేది. ఇప్పటి ఆడిటోరియంలో నిప్పుకు అనుమతి దొరకదు. లైట్లు చూసే అబ్బాయికి ఈ సంగతి చెప్పి, తెర తొలగే క్షణంలో ముందు నుంచి పసుపు వెలుగును ఒక్కసారిగా పెంచి మెల్లగా తగ్గించమనండి. రంగురంగుల తిరిగే లైట్లు వద్దు.

సంవాదం, విరహం

మాధవితో సంవాదంలో సభ నవ్వాలి. మీ భర్త పేరేమిటమ్మా అని మాధవి అమాయకంగా అడుగుతుంది. పతి పేరు నోటితో చెప్పకూడదని సత్యభామ సిగ్గుపడుతుంది, గుర్తులు చెబుతుంది, ఆ గుర్తులన్నిటికీ మాధవి కావాలని వేరే అర్థం తీస్తుంది. ఇక్కడ సూత్రధారికి కొంత స్వేచ్ఛ ఉంది. ఆనాటి ఊరి సంగతి ఒకటి, సభలో ముందు వరుసలో కూర్చున్న పెద్దవారి మీద ఒక చలోక్తి వేయడం పాత అలవాటే. కానీ హద్దు ఉండాలి. సినిమా డైలాగులు తెచ్చి పెడితే అప్పటికి చప్పట్లు వస్తాయి, ఆ వెంటనే రావాల్సిన విరహం మాత్రం పండదు.

సత్యభామకూ కృష్ణుడికీ తగవు మొదలైంది అద్దం ముందు ఎవరు అందగత్తె, ఎవరు అందగాడు అన్న మాట దగ్గర. కృష్ణుడు అలిగి వెళ్లాడు. మొదట భర్త తన చెప్పుచేతల్లో ఉన్నాడన్న ధీమాతో స్వాధీనపతికగా కనిపించిన సత్యభామ విరహోత్కంఠిత (ఎడబాటుతో తపించే నాయిక) అవుతుంది, చివర కృష్ణుడు వచ్చాక ఖండితగా (కోపించిన నాయికగా) నిలదీస్తుంది. మూడు దశల్లోనూ నడక మారాలి. ధీమాలో మడమ ముందు పడాలి, విరహంలో పాదం నేలను రాసుకుంటూ కదలాలి. కానీ ఎంత దుఃఖంలోనూ ఆమె రాణి అన్న సంగతి మెడలో కనబడాలి. ఏడుపు ముఖంతో పది నిమిషాలు లాగేస్తే అది సత్యభామ కాదు.

లేఖ

మాధవి చేతికి ఇవ్వడానికి సత్యభామ కృష్ణుడికి రాసే ఉత్తరం వాచికానికి పరీక్ష. పొడవైన సంస్కృత సమాసాలతో గంభీరంగా మొదలై, పోను పోను ఆడపిల్ల బేలతనం బయటపడుతుంది. సమాసాల దగ్గర అభినయం దాదాపు ఆపేయండి. రాస్తున్న చెయ్యి, ఆలోచిస్తున్న కళ్లు చాలు. ఒక మాట రాసి, అది మరీ లొంగిపోయినట్టు ఉందని ఆగి, కొట్టివేయబోయి, మళ్లీ ఉంచేయాలి. ఈ చిన్న పని బాగా చేస్తే భాష అర్థంకాని పిల్లలు కూడా కళ్లార్పకుండా చూస్తారు. వాద్యాల్లో వయొలిన్ తప్ప మిగతావి ఇక్కడ ఆగాలి.

ఆహార్యం

అద్దెకు తెచ్చుకునే వేషాలు చాలావరకు సోలో నాట్యానికి కుట్టినవి. సత్యభామకు జడ ఎంత ముఖ్యమో చూశారు కదా, డబ్బు అక్కడ పెట్టండి. సవరం కలిపి నడుము దాటేలా జడ వేసి, పైన సూర్యచంద్రులు, రాగిడి, జడబిళ్లలు, చివర జడగంటలు కట్టాలి. తెర మీదుగా వేసినప్పుడు బిళ్లలు గుడ్డకు పట్టుకోకుండా అంచులు నున్నగా ఉండాలి. బరువంతా తల వెనక పడుతుంది కాబట్టి ఆఖరి నెల రిహార్సల్స్ అన్నీ జడతోనే చేయాలి. ప్రదర్శన రోజున మొదటిసారి కడితే మెడ తిప్పడమే కష్టమవుతుంది. పూర్వం ఆభరణాలు తేలికైన కర్రతో చేసి పైన బంగారు రేకు, అద్దాలు అతికేవారు. ఇప్పుడు దొరికే టెంపుల్ జ్యువెలరీ సరిపోతుంది.

పాటకు అడ్డొచ్చేది బులాకి. పెదవికి తగలనంత చిన్నది ఎంచుకోండి. ఒడ్డాణం ఊపిరి బిగపట్టేంత బిగించకండి, ఈమె పాడాలి. మేకప్‌కు, జడకు, చీరకట్టుకు కలిపి కనీసం మూడు గంటలు కేటాయించుకోండి.

వేదిక, మైకులు

నేల చెక్కదైతే అదృష్టమే. సిమెంటు నేలైతే పైన చెక్క పలకలు వేయించండి, కార్పెట్ మాత్రం వద్దు. కార్పెట్ మీద పాదం జారదు, మోకాళ్ల మీద భారం పడుతుంది, అడుగు చప్పుడూ వినపడదు.

నాటకం మొత్తం వాచికం మీద నడిపిస్తున్నారు కాబట్టి మైకు ఖర్చు తగ్గించుకోకండి. చెవికి తగిలించే చిన్న వైర్‌లెస్ మైకులు సత్యభామకు, సూత్రధారికి, కృష్ణుడికి ఒక్కొక్కటి. చెంపకు టేపుతో అంటించి, వైరు జడ కింద నుంచి వెనక్కి తీయాలి. చెమటకు తడవకుండా ఒక పలుచని కవరు వేయండి. పాత్రల వైపు తిరిగిన స్పీకర్ ఒకటి వేదిక మీదే ఉండాలి, లేకపోతే శ్రుతి వినబడక గొంతు తప్పుతుంది. కొత్త బ్యాటరీలు వేయించండి, పాతవి చాలులే అనే మాట వినకండి.

ప్రదర్శన రోజు

ఉదయం ఒక్కసారి వాచికం మాత్రం కూర్చుని అప్పజెప్పుకోండి. ఆట వద్దు. మధ్యాహ్నం తేలిగ్గా తినాలి, పెరుగన్నం చాలు. సాయంత్రం వేదిక మీద తెర పట్టేవాళ్లతో, లైట్ల అబ్బాయితో ప్రవేశ దరువు ఒక్కటి పూర్తిగా చేయండి.

పూర్వరంగం తగ్గించండి కానీ ఎత్తేయకండి. వేదిక మీద నీళ్లు చల్లడం, ముగ్గు, ధూపం, దీపం, సూత్రధారి కుటిలకంతో (వంకర కర్రతో) రావడం, గణపతి ప్రార్థన, అంబాస్తుతి. పది నిమిషాల్లో ఇవన్నీ పద్ధతిగా కుదురుతాయి. బృందంలో చిన్నపిల్లలుంటే వాళ్లకు ఇక్కడే పని ఇవ్వండి, భామాకలాపంతో వాళ్లకు తొలి పరిచయం అవుతుంది. నాందికి ముందు సూత్రధారి రెండు నిమిషాలు వాడుక భాషలో కథ చెప్పేస్తే లేఖ దగ్గర సభ తికమకపడదు. సన్మానాలు, ఉపన్యాసాలు ఉంటే మంగళం తరువాత పెట్టండి. విరహానికీ లేఖకూ మధ్య ఎవరికో శాలువా కప్పడానికి ప్రదర్శన ఆపమని నిర్వాహకులు అడుగుతారు. కుదరదని ముందు రోజే మర్యాదగా చెప్పి ఒప్పించుకోండి.

మాట మరిచిపోతే సత్యభామ కంగారు పడనక్కరలేదు. మాధవి ఆ వాక్యాన్నే ప్రశ్నగా మార్చి అందిస్తుంది: ‘అమ్మా, ఆయన నెమలిపింఛం పెట్టుకుంటాడని కదా అన్నావు?’ ఈ అందింపులు కూడా రిహార్సల్స్‌లో సాధన చేయాల్సినవే.

హాలు బుక్ చేసేటప్పుడే నెల తిరగకుండా రెండో ప్రదర్శనకు ఇంకో చోట తేదీ అడగండి. ఊళ్లో గుడి ఉత్సవమైనా, కాలేజీ ఆవరణైనా సరే. మొదటిసారి అందరి ధ్యాసా మాట మరిచిపోకుండా ఉండటం మీదే ఉంటుంది. సంవాదంలో ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకుని మాట్లాడటం సాధారణంగా రెండోసారే మొదలవుతుంది. వేషాలు, జడ, మైకుల లెక్క అప్పటికే తేలి ఉంటాయి కాబట్టి ఖర్చు కూడా బాగా తగ్గుతుంది.